దీవిలో సంగీతోత్సవం: పాటగాళ్ల జాబితా కన్నా ముందు పడవల టైములు చూడండి

అంతర్వేది తీర్థానికి వెళ్లి, తిరుగు ప్రయాణంలో సఖినేటిపల్లి రేవులో పంటు కోసం నిలబడ్డవాళ్లకు ఈ లెక్క విడమరిచి చెప్పక్కర్లేదు. వెళ్లేటప్పుడు జనం పొద్దుటినుంచీ విడివిడిగా వెళ్తారు. వచ్చేటప్పుడు అందరూ ఒక్కసారే రేవు మీద పడతారు. వేసవిలో చిన్న చిన్న దీవుల మీద జరిగే సంగీతోత్సవాల తంతూ ఇదే. ఆఖరి పాట అయ్యేసరికి బాగా పొద్దుపోతుంది. అప్పుడు వేలమంది ఒకే వంతెన మీదకో, ఒకే రేవుకో బయల్దేరతారు. టికెట్ కొనేముందు మనవాళ్లు చూసేది ఎవరు పాడుతున్నారని. చూడాల్సింది ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాం, మర్నాడు ఒడ్డుకు ఎలా చేరతాం అని.

ఆ ఒక్క ప్రశ్న వేసుకుంటే ఈ ఉత్సవాలు మూడు రకాలుగా విడిపోతాయి. పడవ తప్ప దారి లేదు గానీ పడవలు బోలెడున్నవి: ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని ఐల్ ఆఫ్ వైట్. పడవ రోజుకు ఒకటీ అరా ఉండేవి: స్కాట్లాండ్‌లోని టైరీ. పేరుకే దీవి, నడిచో మెట్రో ఎక్కో బయటపడగలిగేవి: హంగరీ రాజధాని బుడాపెస్ట్‌లో సిగెట్, ఫిన్లాండ్‌లో రూయిస్‌రాక్, మాంట్రియల్‌లో ఒషియాగా. బ్రిటన్‌లో, యూరప్‌లో, కెనడాలో చదువులకీ ఉద్యోగాలకీ ఉన్న తెలుగువాళ్లు వెళ్లడానికి వీలున్నవి కాబట్టి ఈ అయిదే తీసుకున్నాం.

ముందు వీసా సంగతి

జాబితాలో సగం ఇక్కడే ఎగిరిపోవచ్చు. బ్రిటన్ విద్యార్థి వీసా మీద ఉన్నవాళ్లకు భారత పాస్‌పోర్టుతో హంగరీకి గానీ ఫిన్లాండ్‌కు గానీ ప్రవేశం లేదు. రెండూ షెంగెన్ (ఒకే ఉమ్మడి వీసా నడిచే యూరప్ దేశాల కూటమి) దేశాలే, వేరే వీసా కావాలి. ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా చేయాలి. నిర్ణయానికి మామూలుగా 15 రోజులు పడుతుంది, కొన్నిసార్లు 45 దాకా సాగుతుంది. కనీసం 30,000 యూరోల ప్రయాణ బీమా తప్పనిసరి. దరఖాస్తు కన్నా అపాయింట్‌మెంట్ దొరకడమే కష్టం. జూన్, జూలైలలో స్లాట్లు ఖాళీ ఉండవు. ఆగస్టు ఉత్సవానికి ఏప్రిల్ నెలాఖరుకో మే మొదట్లోనో స్లాట్ పట్టుకోకపోతే ఆ ఏటికి సిగెట్ మర్చిపోవడమే మేలు. ఉత్సవం టికెట్ ముందే కొనేసి వీసా రాకపోతే డబ్బు వెనక్కి వస్తుందో లేదో నిబంధనల్లో ముందే చదువుకోండి.

అమెరికాలో హెచ్1బీ మీద ఉన్నవాళ్లు మాంట్రియల్ వెళ్లాలంటే కెనడా సందర్శక వీసా కావాలి. గ్రీన్‌కార్డు ఉంటే ఆ వీసా అక్కర్లేదు, కార్డూ పాస్‌పోర్టూ వెంట ఉంటే చాలు. బ్రిటన్‌లో ఉన్నవాళ్లకు వైట్, టైరీ రెండూ వీసా గొడవ లేనివి. అందుకే వాటి గురించే ఎక్కువ చెబుతున్నాం.

ఐల్ ఆఫ్ వైట్: ఏ రేవు నుంచి వెళ్లాలి?

1968, 69, 70లలో జరిగి ఆగిపోయిన ఉత్సవం ఇది. 1970లో అమెరికన్ గిటారిస్టు జిమీ హెండ్రిక్స్‌ను చూడటానికి దీవి మోయలేనంత జనం వచ్చారు. ఆ మరుసటి ఏడే, 1971లో, అయిదు వేలకు మించి జనం రాత్రిపూట ఆరుబయట గుమిగూడాలంటే లైసెన్సు ఉండాలని బ్రిటిష్ పార్లమెంటు ఈ దీవి కోసం చట్టం చేసింది. మళ్లీ 2002లో న్యూపోర్ట్ ఊరి అంచున, మెడీనా నది ఒడ్డునున్న సీక్లోజ్ పార్కులో మొదలైంది. జూన్ నెలలో, గురువారం నుంచి ఆదివారం దాకా.

మధ్యలో ఉన్న సముద్రపు పాయ పేరు సోలెంట్. దాన్ని దాటడానికి ఆరు దారులున్నాయి. తికమకపడేది ఇక్కడే.

కారుతో వెళ్లేవాళ్లకు మూడు: పోర్ట్స్‌మత్ నుంచి ఫిష్‌బోర్న్ (సుమారు 45 నిమిషాలు), సౌతాంప్టన్ నుంచి ఈస్ట్ కౌస్ (సుమారు గంట), లిమింగ్టన్ నుంచి యార్మత్ (సుమారు 40 నిమిషాలు). కారు లేకుండా వెళ్లేవాళ్లకు మరో మూడు: పోర్ట్స్‌మత్ హార్బర్ నుంచి రైడ్ (సుమారు 22 నిమిషాలు), సౌతాంప్టన్ నుంచి వెస్ట్ కౌస్ (అరగంట లోపు), సౌత్‌సీ నుంచి రైడ్‌కు హోవర్‌క్రాఫ్ట్, అంటే గాలి దిండు మీద నీటిపై జారే వాహనం (10 నిమిషాలు). కార్ల ఫెర్రీల్లోనూ మనుషులు కారు లేకుండానే ఎక్కొచ్చు.

పది నిమిషాల్లో దింపేస్తుందని అందరి కళ్లూ హోవర్‌క్రాఫ్ట్ మీద పడతాయి. సరదాకి ఒకసారి ఎక్కండి గానీ ఉత్సవానికి దాన్ని నమ్ముకోకండి. గాలీ అలలూ పెరిగితే ముందు ఆగేది అదే. పైగా టెంటు, పరుపు, రెండు బ్యాగులు మోసుకుని అందులో ఎక్కడం ఇబ్బంది. రైడ్‌లో దిగినవాళ్లు చేసే పొరపాటు మరొకటుంది. రేవు చివరనే రైలు కనిపిస్తుంది కదా అని ఎక్కేస్తారు. ఆ రైలు షాంక్లిన్ వైపు వెళ్తుంది. న్యూపోర్ట్‌కు ఉన్న రైలు మార్గాన్ని 1966లోనే మూసేశారు. రైడ్ నుంచి 9వ నంబరు బస్సో, ఉత్సవం వాళ్లు వేసే షటిల్ బస్సో పట్టుకోవాలి.

లండన్ నుంచి వచ్చేవాళ్ల లెక్క ఇలా ఉంటుంది. వాటర్లూ నుంచి పోర్ట్స్‌మత్ హార్బర్‌కు రైల్లో గంటన్నర పైనే, కానీ స్టేషన్ పక్కనే పడవ. సౌతాంప్టన్ సెంట్రల్‌కు గంటా ఇరవై నిమిషాలు, కానీ అక్కడ స్టేషన్ నుంచి రేవుకు కిలోమీటరు పైగా. దాటాక మాత్రం కౌస్‌దే పైచేయి: కౌస్ నుంచి న్యూపోర్ట్ దగ్గర, 1వ నంబరు బస్సు నేరుగా వెళ్తుంది. అందుకని సామాను బరువుగా ఉంటే పోర్ట్స్‌మత్, వీపు మీద ఒక్క బ్యాగే ఉంటే సౌతాంప్టన్. లిమింగ్టన్ దారి ప్రశాంతంగా ఉంటుంది గానీ యార్మత్ దీవికి పడమటి కొసన ఉంది. బోర్న్‌మత్ వైపు నుంచి వచ్చేవాళ్లకే అది కలిసొస్తుంది.

ఇక కారు. తీసుకెళ్లకండి అనే మా సలహా. కారణం 2012 జూన్. ఆ ఏడు ఉత్సవానికి ముందు కుండపోత వానలు పడ్డాయి. పార్కింగ్ కోసం పెట్టిన గడ్డి మైదానాలు బురదగుంటలయ్యాయి. లోపలికి వెళ్లిన కార్లు కదలవు, వెనక వచ్చినవి రోడ్డు మీదే ఆగిపోయాయి. ఆ వరస రేవుల దాకా పాకింది. ఒడ్డున దింపడానికి చోటు లేక కార్లతో నిండిన ఫెర్రీలు సోలెంట్ మధ్యలోనే నిలిచిపోయాయి. వందలమంది ఆ రాత్రి పడవలోనే గడిపారు. పడవలూ బాగానే ఉన్నాయి, సముద్రమూ బాగానే ఉంది, చెడిపోయింది పొలం ఒక్కటే. దీవిలో ఒకచోట అడ్డుపడితే అది ఇలా చివరిదాకా తగులుతుంది.

చిన్నపిల్లలున్నారు, కారు తప్పదు అంటే కొన్ని జాగ్రత్తలున్నాయి. పల్లంలో కాకుండా కాస్త మిట్టగా ఉన్నచోట, గట్టి బాటకు దగ్గరగా, ముందుభాగం బయటి వైపు పెట్టి ఆపండి. డిక్కీలో రెండు పాత గోనెసంచులో కాళ్లపట్టాలో ఉంచుకోండి. చక్రం జారుతుంటే యాక్సిలరేటర్ తొక్కకూడదు, తొక్కేకొద్దీ టైరు తన గొయ్యి తానే తవ్వుకుంటుంది. నడిపే చక్రాల కింద పట్టా దూర్చి, రెండో గేరులో, మెల్లగా క్లచ్ వదలాలి. ఉత్సవం ముగిశాక ఆదివారం అర్ధరాత్రి కన్నా సోమవారం మధ్యాహ్నం ఫెర్రీకి బుక్ చేసుకుంటే రద్దీ చాలావరకు తప్పుతుంది.

ఒక్కరోజు టికెట్ కొని రాత్రికి లండన్ చేరిపోదామనుకునేవాళ్లు జాగ్రత్త. నడిచి ఎక్కే వేగపు పడవలు రాత్రి తొందరగా ఆగిపోతాయి, పొద్దుపోయాక నడిచేవి ఎక్కువగా కార్ల ఫెర్రీలే. ఉత్సవం రోజుల్లో అదనపు సర్వీసులు వేస్తారు, వాటికి సీటు ముందే ఉండాలి. ఒడ్డున దిగాక లండన్ రైలుంటుందా అన్నది మరో ప్రశ్న. ఆఖరి గాయకుడి పాట సగంలో వదిలి పరిగెత్తడానికైతే అంతదూరం వెళ్లడం దేనికి? పోర్ట్స్‌మత్‌లోనే గది తీసుకోండి.

టైరీ: పడవ రాకపోతే?

ఇది పూర్తిగా వేరే లోకం. స్కాట్లాండ్ పడమటి తీరంలోని హెబ్రిడీస్ దీవుల్లో ఒకటి టైరీ. పొడవు 12 మైళ్లు, జనాభా సుమారు 650. 2010 నుంచి జూలైలో ఇక్కడ సంగీతోత్సవం జరుగుతోంది. మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరు డేనియల్ గిలెస్పీ, ఈ దీవిలోనే పుట్టిన స్కెరీవోర్ బ్యాండు సభ్యుడు. వచ్చేది రెండువేల చిల్లర మంది, అయినా అది ఊరి జనాభాకు మూడింతలు. అకార్డియన్, ఫిడేలు, బ్యాగ్‌పైపు, గుంపు నాట్యాలు. ఐల్ ఆఫ్ వైట్‌లో వేదిక మీది మనిషి చీమంత కనిపిస్తాడు, తెర మీద చూడాలి. ఇక్కడ మర్నాడు పొద్దున రొట్టె కొనడానికి వెళ్తే అదే మనిషి మీ ముందు వరసలో నిలబడి ఉండొచ్చు.

చేరడం ఇలా: గ్లాస్గో నుంచి ఓబన్‌కు రైల్లో సుమారు 3 గంటలు, అక్కడి నుంచి ఫెర్రీలో సుమారు 4 గంటలు. తరచూ కోల్ అనే దీవి దగ్గర ఆగి వెళ్తుంది. గ్లాస్గో నుంచి చిన్న విమానమూ ఉంది, 19 సీట్లది. బరువు పరిమితి తక్కువ కాబట్టి టెంటు పట్టుకుని అది ఎక్కాలనుకోకండి.

టైరీ ఎంచుకునేవాళ్లు పడవ రాదేమోనన్న లెక్కతోనే బయల్దేరాలి. అట్లాంటిక్ గాలి ఎదురుగా కొట్టే చోటిది. అలలు పెద్దవైతే ఫెర్రీ రేవుకు ఆనలేదు. ముందు రోజు ఒకటి, తర్వాత రోజు ఒకటి ఖాళీ ఉంచుకోలేనివాళ్లు, సోమవారం పొద్దున ఆఫీసులో ఉండి తీరాల్సినవాళ్లు ఈ ఉత్సవం జోలికి వెళ్లకపోవడమే మంచిది. కాలినడకన ఎక్కేవాళ్లు కూడా ఆ వారాంతానికి ఫెర్రీలో చోటు ముందే బుక్ చేయాలి. ఉత్సవం టికెట్ ఉంది గదా, పడవలో చోటు దానంతటదే దొరుకుతుందనుకోవద్దు. రెండూ వేరు. దీవిలోని స్కారినిష్ ఊళ్లో కో-ఆప్ అనే సరుకుల దుకాణం ఉంది, కానీ అందులోకి సరుకు వచ్చేదీ సముద్రం మీదుగానే. పడవ ఆగిన రోజు ఆ అరలు ఖాళీ అవుతాయి. ఒకటిన్నర రోజులకు సరిపడా తిండి బ్యాగులో అదనంగా ఉండాలి.

టెంటు గురించి ఇక్కడ నిదానంగా చెప్పాలి, ఎందుకంటే టైరీలో ఎక్కువమందికి చేదు అనుభవం అయ్యేది అదే. దీవి చదును. అతి ఎత్తైన కొండ బెన్ హైనిష్, 141 మీటర్లే. చెట్లు లేవనే చెప్పాలి. గాలికి అడ్డం ఏమీ లేదు. నేల చాలాచోట్ల ఇసుక కలిసిన గడ్డి నేల, అక్కడివాళ్లు మకైర్ అంటారు. టెంటుతో పాటు వచ్చే పుల్లల్లాంటి సన్నటి మేకులు ఆ ఇసుకలో పట్టవు. చేత్తో దిగబడ్డంత సులువుగా చేత్తోనే ఊడొస్తాయి. కనీసం 25 సెంటీమీటర్ల పొడవున్న, వంచిన రేకులా వెడల్పుగా ఉండే మేకులు విడిగా కొనుక్కోండి. మేకును టెంటుకు అవతలి వైపు వాల్చి, తాడు మేకుకు అడ్డంగా లాగేలా దిగ్గొట్టండి. నిట్టనిలువుగా కొట్టిన మేకు గాలి ఊపుకు కొంచెం కొంచెంగా పైకి లేస్తుంది. తలుపు నైరుతి వైపు ఉండకూడదు, అక్కడ గాలి ఎక్కువగా అటునుంచే వస్తుంది. విసిరితే తెరుచుకునే పాప్-అప్ టెంట్లు, నాలుగు కాళ్ల పందిళ్లు తీసుకెళ్లడం దండగ. పొట్టిగా, డోములా ఉండే టెంటు మేలు. తాళ్లన్నీ కట్టండి. వాన లేదు గదా అని సగం తాళ్లు వదిలేసినవాళ్ల టెంట్లే రాత్రి రెండింటికి లేస్తాయి.

ఆ గాలితో ఒక లాభం ఉంది. స్కాట్లాండ్ పడమటి తీరంలో ప్రాణం తోడేసే మిడ్జ్ అనే నుసిపురుగులు గాలిలో నిలవలేవు.

సిగెట్, రూయిస్‌రాక్, ఒషియాగా

హంగేరియన్ భాషలో సిగెట్ అంటేనే దీవి. డాన్యూబ్ నది మధ్యలోని ఓబుడా దీవి మీద 1993 నుంచి ఆగస్టులో జరుగుతోంది. చేరడం తేలిక: బుడాపెస్ట్‌లో మెట్రో ఎం2 మీద బత్యాని తేర్ దగ్గర దిగి, హెచ్5 లోకల్ రైలెక్కి ఫిలటోరిగాట్‌లో దిగితే వంతెన కొద్ది నడక. రాత్రి బస్సులూ ఉంటాయి. అందుకే ఇక్కడ టెంటా, నగరంలో గదా అన్నది నిజంగానే మన ఇష్టం.

మా ఓటు గదికే, ముఖ్యంగా మూడు రోజులకు మించి ఉండేవాళ్లకు. ఆగస్టు బుడాపెస్ట్‌లో ఎండ 30 డిగ్రీలు దాటడం మామూలే, ఒక్కోసారి 35 కూడా. మనకు ఎండ కొత్తా అనుకోవచ్చు. మనం ఆ ఎండలో ప్లాస్టిక్ గుడ్డ కింద పడుకోం గదా. పొద్దున ఎనిమిదికల్లా టెంటు లోపల కూర్చోలేరు, పాటలేమో తెల్లవారుజాము దాకా. రెండో రాత్రికి నిద్ర చాలక మనిషి వాడిపోతాడు. టెంటే కావాలంటే మొదటి రోజే, పొద్దున్నే వెళ్లి చెట్టు కింద చోటు పట్టండి. నీడ సాయంత్రం ఎక్కడుందో చూసి మోసపోవద్దు, ఉదయం తూర్పు ఎండ తగలని చోటు చూడాలి. వాన లేకపోతే దుమ్ము లేస్తుంది, ముక్కుకు పలచటి రుమాలు ఉంచుకోండి. పాస్‌లో క్యాంపింగ్ కలిసి ఉందో విడిగా కొనాలో ఆ ఏటి టికెట్ వివరాల్లో చూడాలి.

రూయిస్‌రాక్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తుర్కు నగరాన్ని ఆనుకుని, వంతెనతో కలిసిన రూయిస్సాలో దీవిలో 1970 నుంచి జరుగుతున్న మూడు రోజుల ఉత్సవం, జూలై మొదట్లో. హెల్సింకీ నుంచి తుర్కుకు రైల్లో సుమారు రెండు గంటలు. ఆ రోజుల్లో అక్కడ సూర్యుడు రాత్రి పదిన్నర దాటాకే అస్తమిస్తాడు. పిల్లలతో, పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లకు చీకట్లో తడుముకునే పని ఉండదు. బస్సు కోసం నిలబడే బదులు సైకిలు అద్దెకు తీసుకుంటే వెళ్లిరావడం హాయి. అయిదింటిలో శ్రమ తక్కువది ఇదే. తుర్కులో గదులు మాత్రం ముందే నిండిపోతాయి.

ఒషియాగా 2006 నుంచి మాంట్రియల్‌లోని జాన్-ద్రాపో పార్కులో, సెంట్ హెలెన్ దీవి మీద జరుగుతోంది. ఆగస్టు మొదటి వారాంతం అటూ ఇటూ. క్యాంపింగ్ లేదు, బెర్రి-యుకామ్ నుంచి పసుపు రంగు మెట్రోలో ఒక్క స్టేషనే. అంటే వచ్చేటప్పుడూ ఆ ఒక్క స్టేషనే. తిరుగు టికెట్ వెళ్లేటప్పుడే తీసుకుని ఉంచండి. నడవగలిగినవాళ్లకు జాక్ కార్టియే వంతెన మీద కాలిబాట ఉంది.

తిండి, చెవులు, ఛార్జింగు

పులిహోర కట్టుకెళ్దామనే ఆలోచన అందరికీ వస్తుంది. మొదటి రోజు వరకు బాగానే ఉంటుంది, కొన్ని మెళకువలు పాటిస్తే. మనిషికి ఒక గ్లాసు బియ్యం చాలు. అన్నం పలుకుగా వండి, వెడల్పాటి పళ్లెంలో పరిచి పూర్తిగా చల్లారాకే డబ్బాలో పెట్టాలి. వేడి మీద మూత పెడితే ఆవిరి నీరై అడుగున చేరి పాచిపోతుంది. చింతపండు, నూనె కాస్త ఎక్కువే వేయండి. నిమ్మకాయ పులిహోర కన్నా చింతపండుదే నయం. అయినా ఆ రాత్రికే తినేయాలి. బుడాపెస్ట్ ఎండలో అయితే అసలు వద్దు. రెండో రోజు నుంచి ఎండు సరుకే: అటుకుల మిక్చర్, ఎండు జొన్నరొట్టె, చపాతీకి పొడి, అరిసెలు. ఇండియా నుంచి గానీ బ్రిటన్ నుంచి గానీ యూరోపియన్ యూనియన్‌లోకి వెళ్లేవాళ్లు పాలకోవా, నెయ్యి సీసా పట్టుకెళ్లకండి. పాల పదార్థాలు అనుమతించరు, కస్టమ్స్‌లో తీసి పారేస్తారు. పొయ్యి విషయంలో ఒక్కో ఉత్సవానికి ఒక్కో నిబంధన, గ్యాసు డబ్బా గేటు దగ్గర లాక్కుంటే ఆకలితో ఉండాలి. గొడుగులూ చాలాచోట్ల రానివ్వరు. రెయిన్‌కోటు, మోకాళ్ల దాకా వచ్చే గమ్‌బూట్లు పెట్టుకోండి.

పిల్లలకు ఇయర్ డిఫెండర్లు (మోత తగ్గించేలా చెవులను కప్పేవి) తప్పనిసరి, పెద్దలకు చెవుల్లో పెట్టుకునే నురుగు ప్లగ్గులు. 100 డెసిబెల్స్ దగ్గర చెవికి సురక్షితమైన సమయం 15 నిమిషాలే, స్పీకర్ల ముందు అది దాటుతుంది. పవర్‌బ్యాంకు 20,000 ఎంఏహెచ్‌ది ఒకటి చాలు. అది సుమారు 74 వాట్-అవర్లు, విమానంలో 100 దాకా పరిమితి కాబట్టి చేతి సామానులో వెళ్తుంది. చెక్-ఇన్ సూట్‌కేసులో పెట్టకూడదు.

ఇక ఎవరికి ఏది? మొదటిసారి వెళ్తూ పెద్ద పేర్లు వినాలనుకునే బ్రిటన్ విద్యార్థులకు ఐల్ ఆఫ్ వైట్, కారు లేకుండా, నాలుగు రోజుల టికెట్టుతో. ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను వెంటబెట్టుకుని, వాళ్లకూ షెంగెన్ వీసా ఉంటే రూయిస్‌రాక్. నిద్ర గురించి బెంగ లేని పాతికేళ్ల లోపు బృందానికి సిగెట్. సెలవులు మిగిలి ఉండి, గాలికి భయపడనివాళ్లకు టైరీ. కెనడాలో ఉన్నవాళ్లు అంత దూరాలు వెళ్లక్కర్లేదు.

ఏది ఎంచుకున్నా కొనే వరస ఇది. ముందు ఫెర్రీ, రైలు వేళలు తెరిచి తిరుగు ప్రయాణంలో చోటుందో లేదో చూడండి. ఉంటే అప్పుడు ఉత్సవం టికెట్, అధికారిక సైటులోనే. అదే కూర్చున్న చోటే, అదే గంటలో తిరుగు పడవ. వెళ్లే పడవ ఆ తర్వాత. చాలామంది వెళ్లేది ముందు కొంటారు, సోమవారం పొద్దున రేవులో వెయిటింగ్ లైనులో కనిపించేది వాళ్లే.